నెల్లూరు అను పేరు: వడ్లు, గొర్రెలు, ఎద్దులు

చెన్నపట్టణపు బియ్యపు కొట్టులో "నెల్లూరు" అన్నచో సన్నబియ్యపు మూటను చూపుదురు. జీవాల సంతలో అదే మాట అన్నచో పొడుగు కాళ్ళ గొర్రె నెదుట నిలుపుదురు. భూగర్భ శాస్త్రజ్ఞులకు అది అభ్రకము దొరకు రాతినేల. సముద్రములకు ఆవల బ్రెజిలు దేశమున పసుల కాపరి నడిగినచో, మూపురముగల తెల్లని పశువును చూపి "నెలోరి" యనును. ఆ కాపరి మన పెన్నానదిని చూచియుండడు. అయినను ఆ పేరు ఇచ్చటినుండి పోయినదే.

పేరొకటే, వస్తువులు అనేకము. ఈ పేరు చెప్పి డబ్బు తీసికొనువాడును, ఈ పేరు విని డబ్బు చెల్లించువాడును ఒకే వస్తువును తలచుచున్నారా? రైతునకు ఇది మాటల ముచ్చట కాదు, లాభనష్టముల విషయము. పశుగణన పత్రములు నింపు గ్రామోద్యోగులకు కూడ ఇది అవసరమే. ఒక గడిలో వ్రాసిన పేరును బట్టియే ఏ జాతి ఎక్కడ ఎంత మిగిలినదో లెక్క తేలును.

ఊరు, జిల్లా

ఊరి పేరునకు రెండు వివరణలు చెప్పుదురు. తమిళమున నెల్లి యనగా ఉసిరి చెట్టు. ఉసిరి చెట్టు క్రింద శివలింగము కనబడగా అచ్చట వెలసినదే మూలస్థానేశ్వరుని గుడి యనియు, నెల్లి చెట్టున్న ఊరు గనుక నెల్లూరైనదనియు ఒక కథ. నెల్లు అనగా వడ్లు, వడ్లు పండు ఊరు గనుక నెల్లూరు అని రెండవ మాట. అంతకు పూర్వము విక్రమసింహపురి యను పేరుండెను. పదమూడవ శతాబ్దమున మనుమసిద్ధి యేలుబడిలో తిక్కన సోమయాజి ఇచ్చటనే యుండెను. పై రెండింటిలో ఏది సరియైనదో పండితులు తేల్చుకొందురు గాక. తై మాసమున పెన్నా డెల్టాలో పైరు నిలిచియుండగా చూచినవారికి మాత్రము రెండవదే మనసున కెక్కును.

పశువుల సంగతికి ఊరికంటె జిల్లా ముఖ్యము. పందొమ్మిదవ శతాబ్దమంతయు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే యుండెను. 1904లో గుంటూరు జిల్లా నేర్పరచినప్పుడు ఒంగోలు దానిలో చేరెను. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు మాత్రము నెల్లూరులోనే మిగిలెను. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు ముఖ్యస్థానముగా కొత్త జిల్లా ఏర్పడగా అవియు విడిపోయెను. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టిరి. 2008లో మన జిల్లాకు పొట్టి శ్రీరాములు గారి పేరు చేర్చిరి. 2022 ఏప్రిల్ 4న జరిగిన విభజనలో కందుకూరు తిరిగి నెల్లూరునకు వచ్చెను, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాకు పోయెను. హద్దులను గూర్చిన వాదము అంతటితో ముగియలేదు.

జిల్లా హద్దు ఒక ఉత్తర్వుతో మారును. పశువునకు అంటుకొనిన పేరు అట్లు మారదు. ఈ సంగతి ముందు ముందు ఉపయోగపడును గనుక పాఠకులు గుర్తుంచుకొనవలెను.

నెల్లూరు బియ్యము

ఈ జిల్లా సేద్యమునకు ఒక ప్రత్యేకత కలదు. కృష్ణా, గోదావరి డెల్టాలకు నైరుతి వానలు ఆధారము. మనకు వానలు ముఖ్యముగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో, ఈశాన్య ఋతుపవనములతో వచ్చును. కాన పెద్ద పంట శీతకాలములో నిలిచి వేసవి మొదటికి కోతకు వచ్చును. వేసవిలో నీరు దొరకినచో వేయు ముందు పంటను ఎడగారు అందురు. పెన్నకు నెల్లూరువద్ద 1855 నాటికే ఆనకట్ట కట్టిరి, తరువాత సంగమువద్ద మరియొకటి వచ్చెను. ఆ రెండు పాత ఆనకట్టల స్థానమున కట్టిన కొత్త బ్యారేజీలు 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైనవి.

ఒకనాడు నెల్లూరు బియ్యము అన్నచో మొలగొలుకులే. ఇది ఎత్తుగా పెరుగు దీర్ఘకాలపు వరి, అన్నము రుచిగా నుండును. ఎరువు ఎక్కువైనచో పడిపోవును. పొట్టి రకములు వచ్చిన తరువాత దాని విస్తీర్ణము తగ్గిపోయెను. పెద్దలు ఆ అన్నమును తలచుకొందురు గాని ఎకరమునకు వచ్చు పుట్ల లెక్క చూచిన తరువాత దానిని వేయువారు అరుదు. ఇందులో రైతును తప్పు పట్టుటకు ఏమియు లేదు.

నెల్లూరులోని వ్యవసాయ పరిశోధనా స్థానము 1937లో నెలకొనినది. అచ్చటనుండి వచ్చిన వరి రకములకు ఎన్.ఎల్.ఆర్. అను మూడక్షరములు ముందుండును. ఇదియు నెల్లూరు పేరే, మూడక్షరములకు కుదించిన పేరు. ఈ స్థానము ఎక్కువగా పోరాడినది అగ్గితెగులుతో. శీతకాలపు మబ్బు, మంచు, చల్లని రాత్రులు ఆ తెగులునకు అనుకూలము, మన పెద్ద పంట సరిగా ఆ రోజులలోనే పొలములో నుండును. ఎన్.ఎల్.ఆర్. 34449, అనగా నెల్లూరు మసూరి, ఆ తెగులును తట్టుకొనును. గింజ సన్నము, కాలము నాలుగు నెలలకు కొంచెము హెచ్చు.

ఇచ్చట ఒక చిక్కున్నది. కొట్టులో "నెల్లూరు బియ్యము" అని సంచిపై అచ్చు వేసినంతమాత్రమున లోపలిది నెల్లూరు మసూరి కానక్కరలేదు. బాపట్లలో తయారై 1986లో విడుదలయిన బి.పి.టి. 5204 (సాంబ మసూరి) కావచ్చును. అది పేరు పొందిన సన్నరకమే గాని అగ్గితెగులునకు త్వరగా లొంగును. తినువానికి ఈ భేదము పెద్దది కాదు. విత్తనమునకు కొనువానికి మాత్రము ఒక పంట పోవుటయో నిలుచుటయో దీనిపై ఆధారపడును. "నెల్లూరు సన్నాలు" అని నోటిమాటతో అమ్మిన విత్తనమును కొనరాదు. సంచికి కుట్టిన చీటీపై రకము సంఖ్య చూచి, బిల్లుపై అదే సంఖ్య వ్రాయించుకొనవలెను.

నెల్లూరు గొర్రె

గొర్రె విషయమున నెల్లూరు పేరు సరియైన పేరు. కర్నాలులోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ పట్టికలో కూడ ఈ జాతి నెల్లూరు అను పేరుతోనే నమోదయినది. మన దేశపు గొర్రె జాతులలో ఎత్తయినది ఇదే. ముఖము పొడవు, చెవులు పొడవు, వ్రేలాడుచుండును. కాళ్ళు పొడవు గనుక దూరపు మేపునకు నడువగలదు. ఒంటిపై ఉన్ని యుండదు, పొట్టి వెంట్రుకలే. రొమ్ము పైన, మూపు పైన, వెనుక తొడలపైన మాత్రము కొంచెము దట్టముగా నుండును. పొట్టేళ్ళకు కొమ్ములుండును, ఆడువానికి ఉండవు. చాలవాటికి మెడ చన్నులు వ్రేలాడును. "మేక మెడ చన్నులు" అని సామెతగా చెప్పుదుము గాని మన గొర్రెకును అవి కలవు, ఉపయోగము మాత్రము సామెతలో చెప్పినంతే.

రంగును బట్టి మూడు తెగలు. మొదటిది పల్ల. ఒళ్ళంతయు తెలుపు, లేదా తల, మెడ, వీపు, కాళ్ళపై లేత గోధుమరంగు మచ్చలు కలిగిన తెలుపు. రెండవది జుడిపి, దీనినే జోడిపి యని కూడ వ్రాయుదురు. తెల్లని ఒంటిపై పెదవులచుట్టు, కండ్లచుట్టు, క్రింది దవడమీద నల్ల మచ్చలుండును, పొట్టమీద, కాళ్ళమీద కూడ కనబడును. మూడవది దోర, పూర్తిగా గోధుమ వన్నెది. ఇప్పుడు సంతలలో గిరాకీ యంతయు జుడిపికే. పండుగ పొట్టేలును కొనువారు ముఖము చూచి కొందురు. తెల్లని ముఖముపై కాటుక పెట్టినట్లున్న కండ్లు ధర పెంచును. గోధుమవన్నె తెగను చిత్తూరు జిల్లా పలమనేరులోని పశు పరిశోధనా స్థానమువారు చాలకాలముగా అభివృద్ధి చేయుచున్నారు.

ఈ జాతి కీర్తి రాష్ట్రపు హద్దులను దాటినది. తమిళనాడు, కర్ణాటక, తెలంగాణములనుండి బేరగాండ్రు వచ్చుచున్నారు. 2017లో తెలంగాణ ప్రభుత్వము గొల్ల, కురుమ కుటుంబములకు ఇరువది గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచు పథకమును ప్రారంభించినప్పుడు జీవాలను ఇరుగుపొరుగు రాష్ట్రములనుండియే కొనిరి. గిరాకీ వచ్చినప్పుడు సంతలో జరుగునది అందరికిని తెలిసినదే.

"ఇవి నెల్లూరువేనా, అన్నా?"

"నెల్లూరువి కాక ఇంకెక్కడివి? ముఖము చూడు."

ముఖము చూచినచో రంగు తెలియును, పుట్టుక తెలియదు. చెవి పొట్టిగా, ముఖము గుండ్రముగా, తోకవైపు వెంట్రుక దట్టముగా నున్నది వేరొక రక్తము కలిసినది. రంగును పిల్ల తండ్రినుండి ఒక్క తరములోనే తీసికొనవచ్చును. ఎత్తు, నడక, మనదేశపు ఎండను తాళు గుణము ఒక్క తరములో రావు. కాన తెలిసిన కాపరి రంగు కంటె ముందు కాలి ఎముకను, ముఖపు పొడవును, చెవిని చూచును. వీలైనచో తల్లిని కూడ చూపుమని యడుగును.

ఇచ్చటనే అసలు నష్టము దాగియున్నది. పేరు పెరిగినకొలది ధర పెరుగును. ధర పెరిగినకొలది మందలో నన్నిటికంటె మంచి పొట్టేలుపిల్ల అన్నిటికంటె ముందుగా అమ్ముడుపోవును. బక్రీదునకు ముందు బేరగాడు మందలోనికి వచ్చి బరువైన, పొడవైన, మచ్చలు చక్కగా నున్న పిల్లలను వేరుచేసి తీసికొనిపోవును. మిగిలిన వానిలో కాస్త మెరుగైనది విత్తనపు పొట్టేలగును. అనగా మేలైనది కత్తికి, రెండవరకము మందకు. నాలుగైదు సంవత్సరము లిట్లు జరిగినచో మందలో పేరు నిలుచును, జాతి జారిపోవును. కాపరి పేదవాడు. చేతికి వచ్చిన సొమ్మును వదలుకొనుమని ఊరక ఉపదేశించుట సులభమే. చేయదగినది వేరొకటి కలదు. పది మందలవారు కలిసి ఏటికి నాలుగైదు మంచి పొట్టేలుపిల్లలను విత్తనమునకు నిలిపి, సంత ధరను తమలో తామే చెల్లించుకొని, మందలనడుమ మార్చుకొనవచ్చును. ఇరువది అయిదు ముప్పది గొర్రెలకు ఒక పొట్టేలు చాలును. ఒక పొట్టేలును రెండు సంవత్సరములకు మించి అదే మందలో నుంచరాదు, తన పిల్లలనే కట్టును. దానిని పొరుగు మందవాని పొట్టేలుతో మార్చినచో ఎవరికిని ఖర్చులేదు.

తీరపు మందలకు మరియొక బాధ వచ్చినది. 1990 దరిదాపులనుండి సముద్రపు టొడ్డున, బకింగ్‌హాం కాలువ ప్రక్కల రొయ్యల చెరువులు తవ్విరి. వెనుక జీవాలు మేసిన పోరంబోకు, చవుడు నేలలు చాలవరకు కట్టలలో పడినవి. మేపుబీడు తగ్గి మందలు లోపలి మెట్టకు, కోసిన వరిమళ్ళకు తిరుగవలసివచ్చెను. కోతయంత్రముతో కోసిన మడిలో చేతికోతనాటి మేపు దొరకదని కాపరులు చెప్పు మాటను వ్యవసాయాధికారులు వినుట మంచిది.

ఈశాన్యపు వానలలో ఈ జాతికి ప్రమాదము నీలినాలుక వ్యాధి. సన్నని దోమవంటి కీటకములవలన వ్యాపించును. జ్వరము, మూతివాపు, నోటి పుండ్లు, కుంటుట దీని గుర్తులు. వానలు పట్టకముందే టీకా వేయించి, ముసురు దినములలో సాయంకాలము దొడ్డివద్ద వేపాకు పొగ వేయవలెను. తొలకరి పచ్చికకు చిటుకు రోగము వచ్చును. ముందురోజు బాగుగా మేసిన పిల్ల తెల్లవారునప్పటికి చచ్చి పడియుండును. దానికి టీకా వానకాలమునకు ముందే వేయించవలెను. రోగము దిగిన తరువాత చేయగలిగినది స్వల్పము.

నెల్లూరు పేరుతో పోయిన ఒంగోలు గిత్త

ఇక పశువు. దీని సంగతియే విచిత్రము. ఇంటివద్ద ఒంగోలు గిత్త, పరదేశమున నెల్లూరు పశువు.

గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు పారు నేలలు ఈ జాతికి పుట్టిల్లు. నల్లరేగడి, సున్నపు పాలుగల నేల, జొన్నచొప్ప, కోతల తరువాత తేమపై చల్లిన పిల్లిపెసర. ఈ మేతపై పెరిగిన తెల్లని పశువునకు పొట్టి కొమ్ములు, నిండైన మూపురము, మడతలు పడి వ్రేలాడు గంగడోలు, నల్లని ముట్టె, నల్లని తోకకుచ్చు కలవు. బరువైన నాగలిని, లోతైన రేగడిలో బండిని లాగుటకే దీనిని పెంచిరి. మేలైన ఆబోతును ఊరివారు ఎంచి, అచ్చు వేసి, దేవుని పేర విడిచెడివారు. అది ఏ చేనిలో మేసినను ఎవరును కొట్టరు. ఊరి ఆవులన్నిటికి అదియే విత్తనము. చూచుటకు ఆచారముగా కనబడును గాని ఇది మంచి ఎంపిక పద్ధతి. ఊరంతకు ఒకే ఆబోతు, దానిని ఎన్నుకొనుటలో ఊరంతటి కన్ను.

ఈ పశువులు ఓడలెక్కిన కాలమున ఒంగోలు నెల్లూరు జిల్లాలోని తాలూకా. కచేరీ పత్రములలోను ఇంగ్లీషువారి పుస్తకములలోను నెల్లూరు పశువులు అనియే వ్రాసిరి. ఆ పేరే ఓడతో పోయెను. 1904లో తాలూకా వేరైనను ఓడ వెనుకకు రాలేదు.

1868లో ఇంగ్లండునకు పోవుచున్న ఓడ ఒకటి బ్రెజిలులోని సాల్వడోరు రేవున ఆగగా అందులోని ఒక జత పశువులను అచ్చట అమ్మివేసిరని ఆ దేశపు పశుచరిత్ర చెప్పును. తరువాత పదియేండ్లకు రియో ప్రాంతపు పశుపాలకుడు లెంగ్రూబరు జర్మనీలోని హాంబర్గు జంతుశాలనుండి మరియొక జతను కొనెను. అనగా ఒంగోలు పొలములలో పుట్టిన జాతి బ్రెజిలు చేరుటకు ఒకమారు రేవులో అంగడి సరకుగాను, ఒకమారు బోనులో వింతమృగముగాను పోవలసివచ్చెను. అచ్చటి వేడిమి, పిడుదులు, నాసి గడ్డి యూరోపు పశువులను పడగొట్టుచుండగా మన పశువు నిలిచెను. దానితో గిరాకీ మొదలాయెను.

నడుమ ఒక విఘాతము. 1920లో మన దేశమునుండి బ్రెజిలుకు పోవుచు బెల్జియములోని ఆంట్వెర్పు రేవున దిగిన మూపురపు పశువులవలన అచ్చట పెద్దరోగము వ్యాపించెను. యూరోపంతయు కలతపడి, దేశములు కలిసి 1924లో పశువ్యాధుల అంతర్జాతీయ కార్యాలయమును పారిసులో స్థాపించుటకు ఆ సంఘటనయే కారణము. బ్రెజిలు కూడ మన పశువుల రాకను నిషేధించెను. (ఆ పెద్దరోగము భూమిమీద లేకుండ పోయినదని 2011లో ప్రకటించిరి. మన తాతలు దానికి ఎన్ని ఎద్దులను పూడ్చిపెట్టిరో ఇప్పటి యువ రైతులకు తెలియదు.)

చివరి పెద్ద దిగుమతి 1960 మొదలు 1962 వరకు. అప్పుడు పోయిన ఆబోతులలో కొన్నింటి పేర్లు వినుడు: కరవది, చేకూరుపాడు, గోదావరి, ఆకాశము. మొదటి రెండును ఒంగోలు చుట్టుప్రక్కల ఊళ్ళు. ఒంగోలునకు కూతవేటు దూరమున రైలు ఆగు కరవది అను పల్లె పేరు నేడు బ్రెజిలు పశువుల వంశపత్రములలో ఎన్నోచోట్ల కనబడును. ఆ ఆబోతు సంతతి అంతగా వ్యాపించినది. జాతిపేరు నెల్లూరుది, ఆబోతు పేరు కరవదిది. ఒంగోలు మాత్రము ఆ పుస్తకములలో ఎక్కడో మూలకు.

ఇదే జాతి మరికొన్ని దేశములకును పోయెను. డచ్చివారు ఇండోనేషియాలోని సుంబా ద్వీపమునకు చేర్చిన పశువులను అచ్చటివారు "సుంబా ఒంగోలు" అందురు. వారు మాత్రము సరియైన పేరు నిలుపుకొనిరి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో గిర్, కాంక్రేజి రక్తముతో మన నెల్లూరు రక్తమును కలిపి బ్రాహ్మణ్ అను కొత్త జాతిని తయారుచేసిరి.

పేరు నిలిపినది పుస్తకము

బ్రెజిలులో నేడు ఇరువది కోట్లకు మించిన పశువులున్నవి. వానిలో మాంసపు మందలు ఎక్కువ భాగము నెలోరి, లేదా దాని సంకరము. మనవారు కాడికి పెంచిన జాతిని వారు మాంసమునకు మార్చుకొనిరి, కొమ్ములులేని తెగను కూడ నిలిపిరి. 2023లో వయాటినా-19 అను ఒక నెలోరి ఆవులో మూడవవంతు వాటాను వేలము వేయగా, మొత్తము ఆవు విలువ సుమారు 43 లక్షల డాలర్లుగా తేలెను. ఈ వార్త మన పత్రికలలో పడగానే ప్రతి ఒంగోలు పెయ్యకును కోట్లు వచ్చునని కొందరు ఆశపడిరి. ఆ ధర రంగునకు, మూపురమునకు ఇచ్చినది కాదు. ఆ యావు తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వారి పిల్లలు ఎన్నవ నెలలో ఎంత బరువు తూగిరి అను లెక్కకు ఇచ్చినది. బ్రెజిలువారు 1938లో వంశపుస్తకము తెరచి నాటినుండి వ్రాయుచునే యున్నారు.

మన దేశమున కేంద్ర ప్రభుత్వపు పశువంశ నమోదు పథకము 1960 తరువాత వచ్చినది. దాని శాఖ యొకటి ఒంగోలులోనే కలదు. గుంటూరువద్ద లాంఫారము, ప్రకాశం జిల్లాలో చదలవాడ క్షేత్రము ఒంగోలు జాతిని పోషించుచున్నవి. నెల్లూరు జిల్లాలోనే కొండాపురం మండలము చింతలదేవివద్ద జాతీయ కామధేను ప్రజనన కేంద్రమును నెలకొల్పిరి. దేశమంతటికి ఇట్టివి రెండే, రెండవది మధ్యప్రదేశములోని ఇటార్సీవద్ద. కాన సంస్థలు లేవనుటకు వీలులేదు. కొరత రైతుల దొడ్లలోనే. ట్రాక్టరు వచ్చి కాడి పని పోయెను. పిల్లిపెసర చల్లిన చేలలో పొగాకు వచ్చెను. పాలకు గేదె, సంకరపు ఆవు మేలనిపించెను. దేవుని పేర ఆబోతును విడుచు ఊళ్ళు తగ్గిపోయినవి. ఒంగోలు గిత్త మిగిలినది ఎక్కువగా బండలాగు పందెములలో. పందెపు ఎద్దునకు లక్షలు పోయుదురు, మంచిదే. ఆ ఎద్దును ఈనిన ఆవు ఏదో, అది ఎవరి దొడ్డిలో నున్నదో అడుగువారు మాత్రము తక్కువ.

ఇందుకు రైతు చేయవలసినది పెద్ద పని కాదు. నలుబది పుటల నోటుపుస్తకము ఒకటి చాలును. ఆవు ఎదకు వచ్చిన తేది, కట్టిన ఆబోతు లేక వేసిన వీర్యపు గొట్టముపై నున్న సంఖ్య, ఈనిన తేది, దూడ ఆడదో మగదో, ఆరు నెలలకు రొమ్ముచుట్టు కొలత. ఇంతే. పశువైద్యశాలవారు చెవికి వేయు పసుపుపచ్చ బిళ్ళపై 12 అంకెల సంఖ్యయుండును. దూడ పేరుకు ఎదురుగా తల్లి బిళ్ళ సంఖ్య వ్రాసినచో అదియే వంశపత్రమునకు మొదటి వరుస. ఒంగోలులోని నమోదు శాఖవారు వచ్చి చూచినప్పుడు ఈ పుస్తకము చూపవలెను. అమ్మునప్పుడు కొనువానికి ఒక నకలు ఇవ్వవలెను. గొర్రెల మందకును ఇదే విధముగా విత్తనపు పొట్టేళ్ళకైనను బిళ్ళ వేయించి, ఏ మందనుండి ఏ మందకు ఎప్పుడు మారినదో వ్రాయవలెను.

గ్రామోద్యోగులకు ఒక మాట. 2019లో జరిగిన 20వ పశుగణనలోను జాతివారీగా లెక్క తీసిరి. పశువుల గడిలో నెల్లూరు అని వ్రాయుట తప్పు. మన పట్టికలో అట్టి పశుజాతి లేదు, ఒంగోలు అని వ్రాయవలెను. గొర్రెల గడిలో నెల్లూరు అని వ్రాయుటయే సరి. పల్లయో, జుడిపియో, దోరయో ప్రక్కన గుర్తు పెట్టుకొనినచో తరువాత పనికివచ్చును. మాచెర్ల గొర్రె నేడు వేరు జాతిగా నమోదయినది గనుక నెల్లూరు లెక్కలో కలుపరాదు. రంగు మాత్రమే కలిసి, ముఖము, చెవి కలియని జీవమును ఏ జాతియు కానిదిగా వ్రాయవలెను. యజమాని కొంచెము చిన్నబుచ్చుకొనవచ్చును, అయినను అట్లే వ్రాయవలెను.